రామగిరి గనులు బంగారం అయిపోయి మూతపడలేదు

ఈ ప్రశ్న అడిగింది బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక అమ్మాయి. వాళ్లది పాత అనంతపురం జిల్లా రామగిరి పక్కన పల్లె. జేజినాయన బంగారు గనిలో పని చేసినాడని ఇంట్లో చెప్పుకుంటారట. మొన్న పండక్కి ఊరికి పోయినప్పుడు ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి దొరికింది. అక్కణ్ణుంచి ఆమెకు అనుమానాలు మొదలయ్యాయి. ఇక్కడ నిజంగా బంగారం ఉండిందా? ఉంటే ఎందుకు మూసేశారు? కొండ కింద ఆ పాత గుంతలు ఎవరు తవ్వారు? మళ్ళీ తెరుస్తారా? ఆ బిళ్ళ ఏమిటి?

అమ్మా, నువ్వు నా మనవరాలి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్తాను. బంగారం ఉండింది, ఇప్పుడూ ఉంది. గని మూతపడిందంటే బంగారం అయిపోయిందని మన వైపు అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. ఇంత పొడుగు జవాబు రాయడానికి కూర్చున్నది ఆ మాట చెప్పడానికే. నేను ముప్పై ఏళ్లు శాంపిళ్ల పని చేశాను. కొంతకాలం కోలారులో, తరువాత రామగిరి, పెనకచెర్ల వైపు, ఆఖర్లో డ్రిల్లింగు క్యాంపుల్లో. బిళ్ళ సంగతి చివర చెప్తాను.

మన జిల్లా నేల ఎక్కువ భాగం గ్రానైటు. ఆ గ్రానైటు మధ్యలో ఉత్తర దక్షిణాలుగా సన్నటి నల్లరాతి పట్టీ ఒకటి సాగుతుంది. భూగర్భ శాఖ వాళ్లు దాన్ని రామగిరి–పెనకచెర్ల శిస్టు పట్టీ అంటారు. దాదాపు 270 కోట్ల ఏళ్ల కిందటి లావా, బురద గట్టిపడి, నొక్కుకుపోయి, మెలితిరిగిన రాయి అది. ఆ నొక్కుడులో పడిన పగుళ్ల గుండా లోపలి నుంచి వేడినీళ్లు వచ్చాయి. చల్లారేటప్పుడు పలుగురాయిని, దాంతోపాటు కొంచెం బంగారాన్ని వదిలిపెట్టాయి. కర్ణాటకలోని కోలారు, హట్టి గనులు కూడా ఇలాంటి పట్టీల్లోవే. పలుగురాయి మన చేలలో ఎక్కడ చూసినా ఉంటుంది, గట్ల మీద తెల్లగా కుప్పలు పోసి ఉంటారు. వాటిలో బంగారం ఉండదు. శిస్టు రాయి నలిగిన చోట, తుప్పు రంగు చారలతో, కొంచెం నీలి బూడిద ఛాయలో కనిపించే పలుగునే మేము పట్టించుకునేవాళ్లం.

ఎంత ఉంటుందని అడుగుతారు అందరూ. గనిలో లెక్క టన్నుకు ఎన్ని గ్రాములు అనే. టన్నుకు 4 గ్రాములు పడితే చెప్పుకోదగ్గ రాయే. పాతకాలం కంసాలులు బంగారం తూచిన గురివింద గింజలతో చూస్తే, వెయ్యి కిలోల రాయి పిండి కొట్టి ముప్పై పైచిలుకు గింజల ఎత్తు తీయడమన్నమాట. పది టన్నుల లారీ నిండా రాయి తెస్తే మూడు నాలుగు తులాలు. అందుకే గనిలో పని చేసినవాళ్లలో చాలామంది బంగారాన్ని కంటితో చూడకుండానే రిటైరయ్యారు. మీ జేజినాయన కూడా చూసి ఉండకపోవచ్చు. ఆయన చూసింది రాయి, దుమ్ము, నీళ్లు.

మరి కనపడని దాన్ని ఎలా కనిపెట్టేవారు? నేను చేసిన పని అదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. పేల్చిన తరువాత కొత్తగా బయటపడిన రాతి గోడను నీళ్లతో కడిగేవాళ్లం. పలుగు చారకు అడ్డంగా, జానెడు కన్నా సన్నంగా ఒక గాడి గీసుకుని ఉలి, సుత్తితో చెక్కుకుంటూ పోవాలి. ఒకరు కొడుతుంటే ఇంకొకరు కింద టార్పాలిన్ గుడ్డ పట్టుకుంటారు. గట్టి చోట తక్కువ, మెత్తటి చోట ఎక్కువ రాలకుండా గాడి ఒకే లోతున పోవాలి. కొత్త కుర్రవాళ్లు మెత్తటి చోటే కొట్టేసేవాళ్లు, అప్పుడు లెక్క తప్పేది. ఆ ముక్కలు గుడ్డసంచిలో పోసి, చీటీ వేసి, మూతి కట్టి పైకి పంపాలి. పైన దాన్ని పిండి చేసి, కుప్పపోసి, నాలుగు పాళ్లుగా విడదీసి, ఎదురెదురు పాళ్లు ఉంచుకుని మిగతాది తీసేస్తారు. మళ్ళీ కుప్ప, మళ్ళీ నాలుగు పాళ్లు. చివరికి మిగిలిన చారెడు పిండే మొత్తం గోడకు సాక్షి.

ఆ పిండిని సీసపు పొడి, వెలిగారం, సోడాతో కలిపి మూసలో పెట్టి కొలిమిలో కరిగిస్తారు. కరిగిన సీసం రాయిలోని బంగారాన్నీ వెండినీ పట్టుకుని అడుగుకు దిగుతుంది. ఆ సీసపు ముద్దను ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పెట్టి మళ్ళీ కాలిస్తే గిన్నె సీసాన్ని పీల్చేసుకుంటుంది. ఒక్క చిన్న పూస మిగులుతుంది. దాన్ని నైట్రిక్ యాసిడ్‌లో వేస్తే వెండి కరిగిపోయి బంగారం మిగులుతుంది. గసగసం గింజ కన్నా చిన్నది. సన్న త్రాసులో తూచి టన్నుకు ఇంత అని రాస్తారు. మన ఊళ్లో కంసాలి పుటం పెట్టే పద్ధతే ఇది. ధర్మవరంలో ఒక ముసలి కంసాలి ఆచారి ఉండేవారు. మా పరీక్ష ఎలా చేస్తామో చెప్తే, "మా తాత చేసిందే గదయ్యా, మీరు ఇంగ్లీషు పేరు పెట్టుకున్నారు" అన్నారు. ఆయన అన్నది సత్యం.

ఇంకొక మాట. ఇప్పటికీ నాకు ఫోన్లలో ఫోటోలు వస్తుంటాయి, "సార్, మా చేలో బంగారం దొరికింది" అని. నూటికి తొంభై తొమ్మిది కాకిబంగారమే, అంటే అభ్రకం. లేకపోతే గంధకం కలిసిన ఇనుప రాయి, పసుపుగా తళతళలాడుతుంది. తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. గుండు మీద పెట్టి సుత్తితో మెల్లగా కొట్టు. పొడి అయితే బంగారం కాదు. అణిగి రేకులా సాగితేనే అనుమానించాలి. ఎండలో తిప్పి చూడు, ఒక కోణంలో మెరిసి ఇంకో కోణంలో ఆరిపోతే అది అభ్రకం. నిజమైన బంగారం నీడలో కూడా పచ్చగానే ఉంటుంది.

ఇక గుంతలు. మీ ఊరి పెద్దవాళ్లు రాయలవారి కాలంవి అనో పాండవులు తవ్వినవి అనో చెప్పి ఉంటారు. అవి కంపెనీలు రాకముందువి, ఆ మాట వరకూ ఖాయం. ఇంగ్లీషు కంపెనీలు ఇక్కడికి వచ్చినప్పుడు కొత్తగా చోటు వెతకలేదు. పాత గుంతలు ఎక్కడ ఉంటే అక్కడే షాఫ్టులు, అంటే గనిలోకి దిగే నిలువు బావులు, దింపారు. కోలారులోనూ అదే, హట్టిలోనూ అదే. హట్టిలో పాత తవ్వకాలు దాదాపు 600 అడుగుల లోతుకు పోయాయి. అందులో దొరికిన కర్రను పరీక్షిస్తే సుమారు రెండు వేల ఏళ్ల నాటిదని తేలింది. మందుగుండు లేదు, ఉక్కు డ్రిల్లు లేదు. రాయి మొహానికి కట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్లు. రాయి కాగి ఎర్రబడ్డాక నీళ్లు కొడితే పటపట పగులుతుంది. పగిలిన దాన్ని ఇనుప గునపాలతో ఊడబెరికి, పైకి మోసి, బండ మీది గుంటలో పెట్టి గుండ్రాయితో నూరేవాళ్లు. పాత గనుల చుట్టుపక్కల బండల మీద రోళ్లలాంటి గుంటలు కనిపిస్తే ఆ నూరుడు గుర్తులే. మీ ఊరి బండల మీద చూడు, చూస్తే నాకు ఫోటో పంపు.

నూరిన పిండిని ఏం చేసేవాళ్లో చెప్పడానికి పుస్తకం అక్కర్లేదు. మీ జేజి బియ్యం గాలించడం చూసి ఉంటావు. గిన్నెలో నీళ్లు పోసి తిప్పుతూ, పై బియ్యాన్ని ఇంకో గిన్నెలోకి వంపుతూ పోతే రాళ్లు అడుగున ఉండిపోతాయి. బంగారం గాలించడం కూడా అంతే. బంగారం పలుగు కన్నా ఏడు రెట్లు బరువు కాబట్టి ఇసుక పోయి పసుపు గీత అడుగున నిలుస్తుంది. 1802లో వారెన్ అనే ఇంగ్లీషు సైన్యపు లెఫ్టినెంటు కోలారు వైపు సర్వేకు వచ్చినప్పుడు ఊరివాళ్ల చేత బండ్ల మీద మట్టి తెప్పించి కడిగించి చూశాడు. మట్టిలోంచి బంగారం నిజంగానే వచ్చింది. అంటే కంపెనీలు రావడానికి డెబ్భై ఎనభై ఏళ్ల ముందే మన పల్లెల్లో ఆ విద్య ఉంది. ఆ విద్య చేతుల్లో ఉన్నవాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ లేవు, నాకు బాధ కలిగించేది అదే.

పాతవాళ్లు ఎందుకు ఆపేశారంటే నీళ్లు. ఎక్కడ ఊట తగిలిందో అక్కడ ఆగిపోయారు. కుండలతో, తోలు తిత్తులతో ఎంతని తోడతారు?

మన సీమలో పాత బంగారం అంటే జొన్నగిరి మాట కూడా చెప్పాలి. కర్నూలు జిల్లా తుగ్గలి మండలం. మొదటి వానలు పడగానే జనం చేలల్లో వజ్రాలు వెతుక్కునే ఊరు అదే. దాని పక్కనే ఎర్రగుడి, అశోకుడి శాసనాలు చెక్కిన బండలు ఉన్నది అక్కడే. 1929లో వాటిని మొదట గుర్తించింది చరిత్రకారుడు కాదు, రాళ్ల కోసం తిరుగుతున్న ఒక భూగర్భ శాస్త్రవేత్త. ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగా ఉంటుంది. ఎర్రగుడిలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, తరువాతి వరుస కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి, నాగలి చాలు తిరిగినట్టు. కర్ణాటకలోని బ్రహ్మగిరి శాసనం సువర్ణగిరి నుంచి ఒక రాజకుమారుడు పంపిన ఆజ్ఞతో మొదలవుతుంది. అశోకుడి దక్షిణ పాలనకు కేంద్రం ఆ సువర్ణగిరి. అది జొన్నగిరే అని కొందరు పండితులు అంటారు, కాదు కర్ణాటకలో మస్కి దగ్గరి కనకగిరి అని ఇంకొందరు. నేను తీర్పు చెప్పేవాణ్ణి కాను. కానీ మౌర్యుల ఆజ్ఞ ఇంత దూరం వచ్చి ఈ బండల మీద నిలవడానికి మన నేలలోని బంగారానికి సంబంధం లేదంటే నేను నమ్మను.

ఇంగ్లీషు కాలానికి వద్దాం. 1880 దశకంలో కోలారులో బంగారం బాగా పడింది. ఆ వేడికి లండన్‌లో షేర్లు అమ్మి కంపెనీలు పెట్టి దక్షిణాది కొండలన్నీ వెతికారు. రామగిరికి వాళ్లు వచ్చింది ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్లలో. నార్త్ అనంతపూర్, జిబుటిల్ అని ఆ గనుల పేర్లు. ఏం ఊరు అప్పటికి? 1876–78 కరువు తిన్న దేశం. వాన పడితే సజ్జలు కొర్రలు, పడకపోతే వలస. అలాంటి చోట సైరను మోతకు లేచి, వాన పడినా పడకపోయినా కూలి ఇచ్చే పని వచ్చింది. మా పెద్దవాళ్లు "వాన చూడని కూలి" అనేవాళ్లు. గని తీసిన బంగారంలో ఊరికి ఒక్క గ్రాము మిగల్లేదు, అది వేరే సంగతి. ఆ కూలి మాత్రం నిజం. దాంతో ఎందరో గింజలు కొనుక్కున్నారు.

పని ఎలా ఉండేదో చెప్తే నీకు మీ జేజినాయన చేతులు గుర్తొస్తాయి. ఒకరు ఉక్కు కడ్డీ పట్టి తిప్పుతుంటే ఇంకొకరు సమ్మెటతో కొట్టేవాళ్లు, అలా రాయిలో బెజ్జం. అందులో మందు కూరి, దూరంగా పోయి, పేలుళ్లు లెక్కపెట్టుకునేవాళ్లు. లెక్క తక్కువైతే పేలని తూటా లోపల ఉందన్నమాట, అది వెతికేవరకూ ప్రాణం గుప్పిట్లో. తవ్విన రాయిని పైన ఇనుప రోకళ్ల మిల్లులో దంచేవాళ్లు. బారుగా నిలబెట్టిన రోకళ్లు, ఇరుసు తిరుగుతుంటే ఒకదాని తరువాత ఒకటి లేచి పడుతుంటాయి. ఆ పిండి నీళ్లతో కలిసి పాదరసం పూసిన రాగి పలకల మీదుగా పారుతుంది, పాదరసం బంగారాన్ని పట్టుకుంటుంది. దానికీ దొరకని సన్న బంగారాన్ని సైనైడు నీళ్లలో కరిగించి తీసేవారు. ఆ సైనైడు పద్ధతి 1887లో స్కాట్లాండులో పుట్టింది. అది లేకపోతే మన గనులు తెరిచినా గిట్టుబాటయ్యేవి కావు.

ఆ గనులు 1920లు గడిచేసరికి ఆగిపోయాయి. అప్పట్లో ఒక ఔన్సు (31 గ్రాముల చిల్లర) బంగారం ధర అమెరికా లెక్కలో 20 డాలర్ల 67 సెంట్లు. ఏళ్ల తరబడి అదే, ప్రభుత్వాలు కట్టేసిన ధర. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత కూలి, కలప, యంత్ర సామాను, మందు, అన్నీ పిరమయ్యాయి. అమ్మే ధర కదలలేదు. కోలారు లాంటి ధనిక గని తట్టుకుంది. మన రామగిరి లాంటి మధ్యస్థం గని తట్టుకోలేదు. నీళ్లు తోడడం ఆపేశారు, కింది లెవెళ్లు మునిగిపోయాయి. ఇప్పుడు ఈ తేదీలు చూడు: 1931లో ఇంగ్లండు పౌండును బంగారం నుంచి విడదీసింది, 1934లో అమెరికా ఔన్సు ధరను 35 డాలర్లు చేసింది. రామగిరి గని ఇంకొన్నేళ్లు ఊపిరి బిగబట్టి ఉంటే చరిత్ర వేరేగా ఉండేది.

స్వతంత్రం వచ్చాక కోలారు గనులను 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం తీసుకుంది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. ఆ కంపెనీయే 1980లలో రామగిరిలో యెప్పమాన గని పని చేపట్టింది. మీ జేజినాయన పని చేసింది ఆ రోజుల్లోనే అయి ఉంటుంది. సమ్మెటలు పోయి గాలి డ్రిల్లులు వచ్చాయి, నెత్తికి బ్యాటరీ దీపం వచ్చింది. నెల జీతం, పీఎఫ్, సెలవు అనే మాటలు పల్లెలోకి వచ్చాయి. వేరుశనగ పంట పోయిన సంవత్సరం కూడా గని ఇంట్లో పిల్లల ఫీజు ఆగేది కాదు. ఆడవాళ్లను చట్టం గని లోపలికి దిగనిచ్చేది కాదు. వాళ్లకు పైపనే: రాయి ఏరడం, మోయడం, ఊడవడం. ఏరే చోట ఆడవాళ్ల కన్ను మాకన్నా పదును అని నా అనుభవం. బూడిద రంగు పలుగును తెల్ల పలుగు నుంచి అలవోకగా విడదీసేవాళ్లు.

దుమ్ము గురించి దాచను. పలుగు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి బయటికి రాదు, లోపల మచ్చలు కడుతుంది. సిలికోసిస్ అంటారు. కంటికి కనిపించే దుమ్ము కన్నా కనిపించని సన్న దుమ్మే ప్రమాదం. నీళ్లు కొడుతూ డ్రిల్లు చేస్తే చాలా తగ్గుతుంది. మా పక్కింటాయన గనిలో కాదు, పలుగురాయి పొడి కొట్టే ఒక మిల్లులో పని చేశాడు. నీళ్లూ లేవు, ముక్కుకు గుడ్డ తప్ప ఏమీ లేదు. నలభై దాటకముందే నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. టీబీ అని మందులు మింగించారు. అసలు రోగం పేరు తెలిసేసరికి ఆలస్యమైపోయింది. మీ ఊళ్లో పాతకాలం గని పనివాళ్లు ఎవరైనా దగ్గుతుంటే, డాక్టరుకు "రాతి దుమ్ములో పని చేశాను" అని తప్పకుండా చెప్పమను. వాళ్లంతట వాళ్లు అడగరు.

2001 ఫిబ్రవరి ఆఖరుతో భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. కోలారులో లోతు మూడు కిలోమీటర్లు దాటింది. అంత లోతు నుంచి రాయి తేవడానికీ, గాలి పంపడానికీ అయ్యే ఖర్చు తీసిన బంగారానికి మించిపోయింది. రామగిరి గనికి అంత లోతు లేదు. కానీ కంపెనీ ఒకటే కాబట్టి పెద్దన్నతో పాటు తమ్ముడికీ తలుపు మూశారు. ధర సంగతి ఇక్కడా చూడు. 2001 మొదట్లో ఔన్సు ధర 260 డాలర్ల దగ్గర ఉంది, ఇరవై ఏళ్లలో అట్టడుగు ధరకు దగ్గర. మన దగ్గర 10 గ్రాములు 4,300 రూపాయల చిల్లర. టన్నుకు 4 గ్రాముల రాయి అనుకుంటే టన్ను రాయి విలువ 1,700 రూపాయలు. అందులోనే తవ్వాలి, దంచాలి, కరిగించాలి, జీతాలివ్వాలి. 2025లో 10 గ్రాములు లక్ష దాటింది. అదే రాయి, అదే 4 గ్రాములు, ఆ ధరకు టన్నుకు 40,000 రూపాయలు. రాయి మారలేదమ్మా. రెండుసార్లూ ధర ఖర్చుకు చాలని రోజుల్లోనే మూశారు, రెండుసార్లూ మూసిన కొన్నేళ్లకే ధర లేచింది. ధర లేస్తుందని తెలిసీ మూశారని నేను అనను, రేపటి ధర ఎవరికీ తెలియదు. కానీ "బంగారం అయిపోయింది" అని మన పిల్లలకు చెప్పడం మాత్రం తప్పు.

మూసిన తరువాత ఊరు ఏమైందో నీకే తెలుసు, మీ ఇల్లే సాక్ష్యం. కొందరు వేరుశనగకు తిరిగి వెళ్లారు. కొందరు ధర్మవరం మగ్గాల మీదికి, కొందరు బెంగళూరు కట్టడాల మీదికి. కొండ మీద గాలిమరలు వచ్చాయి కానీ వాటికి ఎక్కువ మంది అక్కర్లేదు. షాఫ్టు దిగిన మనిషికి నేల మీద పని చిన్నతనంగా అనిపించడం నేను చూశాను. అది పొగరు కాదు. లోపల ఒకరి ప్రాణానికి ఒకరు అడ్డుగా నిలబడిన స్నేహం బయట దొరకదు.

మళ్ళీ తెరుస్తారా? 2015లో చట్టం మారాక గనులను వేలంలోనే ఇవ్వాలి. రామగిరి చుట్టుపక్కల బ్లాకులు, బొక్కసంపల్లి, జవ్వాకుల పేర్లు వేలం జాబితాల్లో పేపర్లలో వచ్చాయి. వేలం అంటే రేపే తవ్వకం కాదు. ముందు డ్రిల్లింగు, అందులో పైకి వచ్చే కోర్ అనే రాతి కడ్డీ ముక్కల పరీక్ష, తరువాత లెక్క కుదిరితే లీజు, పర్యావరణ అనుమతి, ప్రజాభిప్రాయ సేకరణ. పదేళ్లు పట్టినా ఆశ్చర్యపోను. జొన్నగిరిలో మాత్రం జియోమైసూర్ అనే కంపెనీ ఓపెన్‌కాస్టు గని పెట్టింది. స్వతంత్రం తరువాత ప్రైవేటు రంగంలో వచ్చిన మొదటి పెద్ద బంగారు గని అదే. ఓపెన్‌కాస్టు అంటే షాఫ్టు కాదు, పైనుంచి గొయ్యి. యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ. మీ జేజినాయన కాలంలా ఇంటికొక మనిషికి పని దొరుకుతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

ఒకవేళ మీ ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే సెలవు పెట్టుకుని అయినా వెళ్లు. బోర్ల నీళ్లు ఎంత తోడతారు, సైనైడు కలిసిన మిగులు మట్టిని ఏ గుంటలో ఆపుతారు, ఆ గుంట అడుగున ఏం పరుస్తారు, ఈ మూడు తప్పకుండా అడుగు. సైనైడు ఎండకు, గాలికి విరిగిపోతుందని కంపెనీవాళ్లు చెప్తారు, అందులో నిజం ఉంది. కానీ రాయితో వచ్చే ఆర్సెనిక్ లాంటివి విరగవు, అవి ఎక్కడికి పోతాయో అడగాలి. జిల్లా ఖనిజ నిధి అని ఒకటుంది. 2015 తరువాత వేలంలో వచ్చిన గనులైతే రాయల్టీలో 10 శాతం, అంతకు ముందువి అయితే 30 శాతం దానికి కట్టాలి. అది గని వల్ల ఇబ్బంది పడే ఊళ్లకే ఖర్చు పెట్టాల్సిన సొమ్ము. మన సర్పంచుల్లో చాలామందికి ఈ నిధి పేరు కూడా తెలియదు.

పాత గుంతల దగ్గరికి ఫోటోల కోసం పోయేటప్పుడు జాగ్రత్త. అంచున మట్టి గుల్లగా ఉంటుంది, పైన కంప మొలిచి బెజ్జం కనపడదు. మేకలు పడిన గుంతలు నేను చూశాను. లోపలికి మాత్రం దిగొద్దు, అడుగున గాలి ఉండదు, అగ్గిపుల్ల కూడా వెలగదు. నిన్ను తీసుకుపోవడానికి మీ ఊళ్లో డెబ్భై దాటిన మనిషి ఒకరు దొరుకుతారు. ఫోన్లో రికార్డు పెట్టి ఆయన చెప్పేదంతా పట్టుకో. ఏ గుంతకు ఏ పేరు, ఏ లెవెల్లో నీళ్లు వచ్చాయి, ఎవరు ఎవరిని పైకి మోసుకొచ్చారు, ఇవి ఏ కాగితం మీదా లేవు.

ఇక బిళ్ళ. నేను పని చేసిన చోట ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఒక బిళ్ళ ఉండేది. దిగే ముందు కిటికీ దగ్గర బిళ్ళ ఇచ్చి దీపం తీసుకోవాలి. లోపల బోర్డుకు నంబర్లవారీగా మేకులు, ఆ నంబరు మేకుకు బిళ్ళ తగిలించేవారు. బిళ్ళ మేకు మీద ఉందంటే మనిషి నేల కింద ఉన్నాడని. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ వెనక్కి తీసుకోవాలి. షిఫ్టు ముగిసి అందరూ వెళ్లాక ఒక్క బిళ్ళ మేకుకు మిగిలినా ఆ నంబరు కేకేసి వెతికేవాళ్లు. ఆ కాసేపు కిటికీ దగ్గర ఎంత టెన్షన్ ఉండేదో చెప్పలేను. మీ జేజినాయనది కూడా అలాంటిదే అయితే, ఆఖరి షిఫ్టు నుంచి ఆయన క్షేమంగా పైకి వచ్చి, దీపం అప్పగించి, చేయి చాపి దాన్ని తీసుకున్నాడన్నమాట. మళ్ళీ ఇవ్వడానికి కిటికీ తెరవలేదు.

దాన్ని చింతపండుతో మాత్రం తోమొద్దు. ఇత్తడి మెరుస్తుంది గానీ అంచున సన్నగా కొట్టిన కంపెనీ అక్షరాలు ఉంటే అరిగిపోతాయి. వెనకా ముందూ రెండు ఫోటోలు ఎండ వెలుగులో తీసి పంపు, ఏ గనిదో చూసి చెప్తాను.